డాక్టరమ్మ తినుమన్నది

బుచ్చిరాములు బతుకులో మొట్టమొదటిసారి పచ్చి నిజం పట్టుకొని ఇంటికి వచ్చాడు. వచ్చి ఏం లాభం, ఇంట్లో దాన్ని కొనేవాళ్ళు లేరు.

"సమ్మవ్వా, ఇయ్యాల్టి నుంచి నా పత్యం బంద్," అన్నాడు వ్యాను దిగి చెప్పులైనా విడవకుండా. "డాక్టరమ్మ గుడ్లు తినుమన్నది. పప్పు తినుమన్నది. కోడికూర గూడ తినుమన్నది."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న సమ్మవ్వ చేతిలో చాట ఆగలేదు. "ఇంకేం తినుమన్నది? యాట తలకాయ తినుమనలేదా?"

"నిజం జెప్తున్న."

"నువ్వెప్పుడు 'అబద్ధం జెప్తున్న' అని జెప్పి అబద్ధం జెప్పినవ్ గనుక?"

బుచ్చిరాములు లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి కంచం వచ్చింది. అన్నం, ఉప్పు సరిగా పడని ఆనిక్కాయ కూర, ఇంత పలుచటి మజ్జిగ. అదే కంచం, అదే కూర. దాన్ని చూస్తుంటే ఆయనకు కోపం కాదు, ఏడుపు వచ్చింది.

సమ్మవ్వ నమ్మకపోవడంలో ఆమె తప్పేమీ లేదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పదవీ విరమణ దాకా టబ్బులు నింపిన మనిషి బుచ్చిరాములు. తిండి దగ్గర తగ్గడం ఆయన జాతకంలో రాయలేదు. ఏ దావత్‌లోనైనా ఆయన కూర్చున్న వరుసకు కూర బకెట్ రెండుసార్లు తిరగాల్సిందే. బీపీ ఎప్పుడు వచ్చిందో ఆయనకు తెలియదు, పట్టించుకోలేదు. కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాకనే తెలిసింది.

నాలుగేళ్ళ కింద కరీంనగర్ పెద్ద డాక్టర్ మొగుడూ పెళ్ళాలను ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాడు. "పప్పులు, మాంసం, గుడ్లు, పాలు తగ్గించాలె. గవ్విట్ల ప్రోటీన్ ఎక్కువ. అది అరిగినంక మిగిలే మలినాన్ని ఎత్తిపోసుడు కిడ్నీల పని. వాటికి ఇప్పుడు అంత శక్తి లేదు. జర పదిలంగ ఉంటే డయాలసిస్ మిషన్ మీదికి పోవుడు కొన్నేండ్లు ఆగుతది."

డాక్టర్ తగ్గించమన్నాడు. ఆ మాట కరీంనగర్‌లో బస్సెక్కి శ్రీరాంపూర్‌లో దిగేసరికి 'బంద్' అయి కూర్చుంది. సమ్మవ్వ కొండగట్టు అంజన్నకు ఉన్నచోటి నుంచే దండం పెట్టుకొని, మరునాడే కందిపప్పు డబ్బా, పల్లీల డబ్బా, ఇంట్లో ఉన్న పెసర్లు, బొబ్బర్లు అన్నీ తీసి వాడకట్టులో పంచేసింది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బీరకాయ, దొండకాయ, ఆనిక్కాయ, మళ్ళీ బీరకాయ. ఒకరోజు సర్వపిండి చేసింది, శనగపప్పు లేకుండా, పల్లీలు లేకుండా. అది తినడం కన్నా గోడ సున్నం గీక్కొని నాకడం మేలని బుచ్చిరాములు అన్నాడు. సున్నం మంచిదో కాదో డాక్టర్‌ను అడిగి చెబుతానన్నది సమ్మవ్వ.

ఇక ఆయన దొంగతనాలు మొదలుపెట్టాడు. హుస్నాబాద్‌లో కూతురు రమ ఆడబిడ్డ పెళ్ళికి పోయి, టెంటు వెనకాల వంటవాళ్ళ మధ్య కూర్చొని మాంసం తింటూ దొరికాడు. చాయ్ హోటల్లో ఆమ్లెట్ తింటూ దొరికాడు. దొరికిన ప్రతిసారీ "డాక్టరే కొద్దిగ తినుమన్నడు" అన్నాడు. అన్నిటికీ మించింది ఫోను వ్యవహారం. పక్కింటి లచ్చయ్యకు నాలుగు మాటలు నేర్పి, కరీంనగర్ డాక్టర్‌లాగా సమ్మవ్వకు ఫోన్ చేయించాడు. లచ్చయ్య గొంతు బాగానే మార్చాడు పాపం. "హలో, కరీంనగర్ నుంచి డాక్టర్‌ను మాట్లాడుతున్న వదినా," అన్నాడు. అంతే. సమ్మవ్వ ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య గోడ మీదుగా ఇద్దరికీ పెట్టిన చీవాట్లు కాలనీ మొత్తం విన్నది. లచ్చయ్య భార్య సక్కుబాయి కూడా ఆరోజు మొగుడికి అన్నం పెట్టలేదు.

అటువంటి మనిషి ఇవాళ వచ్చి, డాక్టరమ్మ గుడ్లు తినుమన్నది అంటే ఎవరు నమ్ముతారు?

కానీ నిజంగానే అన్నది. కిడ్నీలు చివరికి చేతులెత్తేశాక, బుచ్చిరాములుకు మంచిర్యాలలో డయాలసిస్ మొదలయింది. వారానికి మూడుసార్లు వ్యాను వచ్చి పేషెంట్లను తీసుకుపోయి మళ్ళీ దింపుతుంది. మొదట్లో సమ్మవ్వ తోడుపోయేది. కానీ మిషన్లున్న హాల్లోకి వెంట వచ్చినవాళ్ళను రానివ్వరు. బయట బెంచీ మీద కూర్చొని కూర్చొని మోకాళ్ళు పట్టేస్తున్నాయని మానేసింది. ఆమె మానేసిన తర్వాతనే శ్యామల మేడం అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. బుచ్చిరాములు తలరాత అట్లా ఉంది.

డాక్టరమ్మ ఆయన దండచేతిని రెండువేళ్ళతో పట్టి చూసింది. ఒకప్పుడు ఆ చేతిని పట్టాలంటే రెండు చేతులు కావలసి వచ్చేది.

"పెద్దాయనా, ఏం తింటున్నరు ఇంట్ల?"

"అన్నం, ఆనిక్కాయ."

"పప్పు?"

"రామ రామ."

"గుడ్డు?"

"మీరు నన్ను పరీక్ష వెడ్తున్నరా మేడం? నేను ఇడిసిపెట్టిన. ఒట్టు."

డాక్టరమ్మ తల పట్టుకున్నది. స్టూలు లాక్కొని కూర్చొని నిదానంగా చెప్పింది. "సూడుండ్రి. అప్పుడు కిడ్నీని కాపాడాలని తగ్గించుమన్నరు. ఇప్పుడు గా పని మిషన్ చేస్తున్నది. కని మిషన్‌కు మంచీ చెడ్డా తెల్వదు. మలినంతోని పాటు, ప్రోటీన్ అరిగితే వచ్చే అమైనో ఆసిడ్లు గూడ కొన్ని కొట్టుకపోతయి. కండ గానీ, రక్తం గానీ, పుండు మీద పట్టే కొత్తతోలు గానీ ఒళ్ళు గవ్విటితోనే కడతది. గవ్విట్ల కొన్నింటిని ఒళ్ళు సొంతంగ తయారు చేసుకోలేదు, తిండిలకెల్లే రావాలె. గుడ్డుల అవన్నీ ఉంటయి. బయటికెల్లి రాకపోతే ఒళ్ళు ఊకోదు గద, తన కండనే కరిగించుకొని వాడుకుంటది."

బుచ్చిరాములుకు చప్పున అర్థమయింది. "డీపిల్లరింగ్ అన్నట్టు."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. బాయిలో బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాల్లాగా వదిలి ముందుకు పోతారు. తవ్వాల్సింది అయిపోయాక ఆ స్తంభాలనే తవ్వుకుంటూ వెనక్కి వస్తారు. వెనకాల కప్పు కూలుతూ ఉంటుంది.

"గదే," అన్నది డాక్టరమ్మ. "ఇప్పుడు మీ ఒంట్ల నడుస్తున్నది గా పనే. రేపటి నుంచి పూటకు రెండు గుడ్ల తెల్లసొన తినుండ్రి. పప్పు కొలతలో తినుండ్రి. వారానికి రెండుసార్లు కోడికూరనో చేపనో. ఉప్పు, నీళ్ళు మాత్రం ఎప్పటిలెక్కనే తక్కువ."

మిషన్ మీద పడుకొని ఆ మాటలు వింటుంటే బుచ్చిరాములుకు పెళ్ళిసందడి లాగా ఉంది. నాలుగేళ్ళు! ఎంతమంది పెళ్ళిళ్ళలో ఎన్ని బకెట్లు తన ముందు నుంచి దాటిపోయాయి! ఇంటికి ఎప్పుడు పోతానా అనుకున్నాడు. పోతే ఇదిగో, ఇదీ జరిగింది.

మొదట రమకు ఫోన్ చేశాడు. "బిడ్డా, నువ్వన్న మీ అవ్వకు జెప్పు. డాక్టరమ్మ తినుమన్నది."

"బాపూ, మళ్ళ మొదలువెట్టినవా?" అన్నది రమ. "నా ఆడబిడ్డ పెండ్లిల నువ్వు జేసిన పనికి ఇప్పటికీ నన్ను దెప్తున్నరు."

"ఇది గట్ల కాదు బిడ్డా."

"అవ్వ నీ కోసం ఎంత పరేషాన్ అయితున్నదో నీకు తెల్వది. జర నోరు కట్టుకో బాపూ." ఫోన్ పెట్టేసింది.

చీటీ మీద రాసివ్వమని డాక్టరమ్మను అడిగాడు. రాసిచ్చింది, ఇంగ్లీషులో. సమ్మవ్వ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి, "లచ్చయ్య గీతలు మంచిగనే గీసిండు," అని పొయ్యి పక్కన పెట్టింది. ఇక లాభం లేదని, మీరే ఫోన్ చేయండి మేడం అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. డాక్టరమ్మ మంచి మనిషి. హాల్లోనే, ఆయన ముందే చేసింది.

"హలో, బుచ్చిరాములు వాళ్ళ ఇల్లేనా? నేను డయాలసిస్ డాక్టర్‌ను మాట్లాడుతున్న. మీ ఆయనకు ప్రోటీన్ పెట్టాలమ్మా..."

అవతలి నుంచి వచ్చిన గొంతు పక్క మంచం మీది పేషెంటుకు కూడా వినిపించింది. "సక్కుబాయీ! నీ మొగనికి సిగ్గులేదనుకున్న, నీకన్న ఉండద్దా? నా మొగడు సచ్చిపోతే నువ్వొచ్చి నెత్తి మీద నీళ్ళు పోస్తవా? ఇంకోసారి ఫోన్ జేస్తే ఇంటికొచ్చి సిగపట్టి గుంజుత!"

డాక్టరమ్మ ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి దాని వైపే కొంతసేపు చూసింది. "సక్కుబాయి ఎవరు?" అన్నది.

బుచ్చిరాములు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. తాను తవ్వుకున్న గోతిలో తాను పడటం ఒక ఎత్తు. పడ్డాక పైనుంచి మన్ను పోసేవాళ్ళు కూడా మనవాళ్ళే కావడం ఇంకో ఎత్తు.

"మీ ఆమెను ఒక్కసారి తీసుకరాండ్రి," అన్నది డాక్టరమ్మ.

ఆ మాట సమ్మవ్వకు చెప్తే, "నిన్ను నమ్మి గంత దూరం రావాన్నా? గక్కడ ఎవల్ని డాక్టర్ ఏసం కట్టించినవో," అన్నది.

లచ్చయ్యకు జాలి వేసింది. ఒకరోజు తువ్వాలులో రెండు ఉడికిన గుడ్లు చుట్టుకొని గోడ దగ్గరికి వచ్చాడు. "అన్నా, తిను. ఎవలు సూస్తలేరు."

బుచ్చిరాములు వాటిని ముట్టుకోలేదు. తినాలని లేక కాదు. ఇన్నేళ్ళు దొంగచాటుగా తిన్నవాడికి ఇప్పుడు హక్కు వచ్చింది. హక్కు ఉన్నవాడు దొంగలాగా ఎందుకు తినాలి? తన ఇంట్లో, తన కంచంలో, తన పెళ్ళాం వడ్డిస్తేనే తింటానని మొండికేశాడు. "తీసుకపో లచ్చయ్యా. నేను ఇప్పుడు దొంగను కాదు," అన్నాడు. పౌరుషం మంచిదే. కాకపోతే పౌరుషంలో ప్రోటీన్ ఉండదు.

పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. రక్తంలో ప్రోటీన్ తగ్గితే నీరు ఒంట్లోకి దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది. సమ్మవ్వ లెక్క వేరు. "దొంగతనంగ నీళ్ళు తాగుతున్నవ్!" అని బిందెల మీద కూడా కాపలా పెట్టింది. నాలుక పిడచగట్టుకుపోతుంటే, చేయని నేరానికి శిక్ష అనుభవిస్తూ బుచ్చిరాములు మంచం మీద కూర్చొని గోడకు చెప్పుకునేవాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆ సామెత కట్టినవాడు సమ్మవ్వ చేతి వంట తిని ఉంటాడని ఆయనకు గట్టి నమ్మకం.

ఒకనాడు మంచిర్యాల నుంచి వచ్చి వ్యాను మెట్టు దిగుతూ ఉంటే మోకాళ్ళు వంగిపోయాయి. జారిపడలేదు, తట్టుకొని పడలేదు. కాళ్ళలో మనిషిని నిలబెట్టే శక్తి అయిపోయింది, అంతే. రోడ్డు మీద కూలబడ్డాడు. డ్రైవరూ లచ్చయ్యా చెరో రెక్క పట్టుకొని లేపారు. లేపడం వాళ్ళకు కష్టం కాలేదు. అది చూసి సమ్మవ్వ ముఖం తెల్లబోయింది. తర్వాతి డయాలసిస్‌కు చెప్పకుండానే చెప్పులేసుకొని వ్యానెక్కింది.

డాక్టరమ్మ ఆమెను లోపలికే పిలిపించింది. మెడలో ఆ గొట్టం, తెల్లకోటు, చుట్టూ నర్సులు. ఈ మనిషి సక్కుబాయి కాదని సమ్మవ్వకు గడపలోనే తెలిసిపోయింది.

"ఏమ్మా, మీ ఆయనకు ఏం పెడ్తున్నవ్?"

సమ్మవ్వ గర్వంగా చెప్పింది. పప్పు బంద్, పాలు బంద్, నీసు బంద్, పల్లి గింజ గూడ ఇంట్లకు రాదు.

"నీకు ఎవలు జెప్పిండ్రు బంద్ వెట్టుమని?"

"కరీంనగర్ డాక్టర్ సారు."

"తగ్గించుమన్నడా, బంద్ వెట్టుమన్నడా?"

సమ్మవ్వ మంచం మీద ఉన్న మొగుడి వైపు చూసింది.

"ఎంత కిడ్నీ జబ్బైనా, మనిషికి కొంతన్న ప్రోటీన్ పడాలె గదమ్మా. గిన్నొద్దులు గది గూడ పెట్టలే. ఇప్పుడైతే మామూలు మనిషి కన్నా ఎక్కువ తినాలె. చెయ్యి సూడు, కాళ్ళు సూడు. ఇట్లనే ఉంటే మిషన్ బతికించదు, ఏదన్న చిన్న జ్వరమొచ్చినా తట్టుకోడు."

హాల్లో పేషెంట్లందరూ వింటున్నారు. సమ్మవ్వ తల వంచుకొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "సరే, అయిందేదో అయింది. ఒక్క మాట మాత్రం నిజం. కొందరు ఆర్నెల్లకే మిషన్ ఎక్కుతరు. గీయిన నాలుగేండ్లు ఆగిండంటే నీ కాపలా గూడ ఒక కారణమే."

ఆ చివరి మాట సమ్మవ్వ చెవిన పడిందో లేదో. అప్పటికే ఆమె వెనక్కి తిరిగి బయటి బెంచీ వైపు పోతూ ఉంది. బుచ్చిరాములు మాత్రం పూర్తిగా విన్నాడు. విని పక్కకు పెట్టాడు. గెలిచిన రోజు ఓడినవాళ్ళ మంచి ఎవరికి కావాలి?

అవును, గెలిచినట్టే ఉంది. ఆ సాయంత్రమే లచ్చయ్య భుజం పట్టుకొని చాయ్ హోటల్ దాకా నడిచాడు. బాయి దోస్తులు నలుగురూ ఉన్నారు. "నేను మొత్తుకున్నప్పుడు ఎవడన్న నమ్మిండార్రా? నాలుగేండ్లు! నాలుగేండ్లు నా పెండ్లాం నన్ను ఎండవెట్టింది. డాక్టరమ్మ అందరి ముంగట కడిగి పారేసింది. నోట్లకెల్లి మాట రాలే!" అని చేతులు తిప్పుతూ చెప్పాడు. సమ్మవ్వలాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూపించాడు కూడా. అందరూ పడీపడీ నవ్వారు. డాక్టరమ్మ చివరికి అన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెప్తే కథలో పస పోతుంది మరి. కథ కాళ్ళు లేకుండానే కాలనీ అంతా తిరిగింది.

మరునాడు సమ్మవ్వ ఒక ట్రే నిండా గుడ్లు తెచ్చింది. మంచి కంచం తీసి, ఉడికించి, పచ్చసొన పక్కకు తీసి, తెల్లసొన ముక్కలు చేసి ఆయన ముందు పెట్టింది.

బుచ్చిరాములు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. తుప్పు పట్టిన మేకు నాకినట్టు ఉంది. రెండో ముక్క వేసుకున్నాడు. ఉమ్మేశాడు.

నమ్మలేకపోయాడు. గుడ్డు రుచి ఆయనకు తెలియదా? ఇది గుడ్డు కాదు. ఇంకోటి ఒలిపించుకున్నాడు. అదీ అంతే. రక్తంలో విషం పేరుకున్నవాళ్ళకు నాలుక చచ్చిపోతుందని, తిండి మీద యావ పోతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. "మెల్లగ వస్తది, మందులెక్కనన్న తినుండ్రి," అన్నది. ఆకలి ఉన్నప్పుడు తిననివ్వలేదు, తినమన్నప్పుడు ఆకలి లేదు. ఎవర్ని తిట్టాలి? అప్పుడు తిట్టడానికి సమ్మవ్వ ఉండేది, ఇప్పుడు తన నాలుకను తానే తిట్టుకోవాలి.

సమ్మవ్వ మాత్రం మారలేదు. కాపలా అదే, తుపాకీ మూతి మాత్రం ఇటు తిరిగింది. పొద్దున గుడ్లు, పగలు పప్పు, సాయంత్రం గుడ్లు. కోడికూర. మళ్ళీ గుడ్లు. కంచం ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడేది.

"డాక్టరమ్మ గిన్ని తినుమనలేదే!"

"నువ్వు డాక్టరమ్మ పేరు జెప్పకు."

ఆ కాపలా నుంచి తప్పించుకోవడం బుచ్చిరాములుకు కొత్త పని కాదు. ఆమె ఒక్క క్షణం నీళ్ళకు లోపలికి తిరిగినప్పుడు తెల్లసొన ముక్కలు లుంగీ అంచులో మూట కట్టి, చేయి కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయి గోడ అవతలికి వేసేవాడు. గోడ అవతల ఒక గోధుమరంగు ఊరకుక్క ఉండేది. దానికి ఏ పట్టింపులూ లేవు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "తింటున్నరా?" అన్నది.

"తింటున్న మేడం."

"మరి రక్తంల ప్రోటీన్ ఎందుకు పెరుగుతలేదు?"

ఆ మాట ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. సమ్మవ్వ దిగులుపడి గుడ్లు ఇంకా పెంచింది. కుక్క ఇంకా నున్నబడింది. వెంట్రుకలు మెరిసిపోయేవి. అది భోజనాల వేళకు ఠంచనుగా వచ్చి, గోడ మీద ముందుకాళ్ళు వేసి, ఇంట్లోకి తొంగిచూస్తూ తోక ఊపడం మొదలుపెట్టింది. వాడకట్టులో కుక్కలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కండపట్టింది ఇదొక్కటే.

ఒక పగటిపూట బుచ్చిరాములు లుంగీ అంచు విప్పుతూ వెనక్కి తిరిగి చూస్తే పెరటి తలుపు దగ్గర సమ్మవ్వ ఉంది. గోడ మీద కుక్క మూతి ఉంది. మధ్యలో ఆయన చేతిలో గుడ్డు ముక్కలు.

తిడుతుందనుకున్నాడు. దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆమె తిట్టలేదు. మెల్లగా గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది.

"పడెయ్యి," అన్నది. "పాపం, అది ఎదురుసూస్తున్నది."

"సమ్మవ్వా, నోటికి పోతలేదే. తుప్పు లెక్క ఉంటున్నది. నీ మీద ఒట్టు."

"నువ్వు పోతవ్," అన్నది సమ్మవ్వ, ఆయన మాట విననట్టే. "నువ్వు పోయినంక అందరు నన్నే అంటరు. ఇప్పటికే అంటున్నరు. రేషన్ దుకాణం కాడ మన వాడకట్టు మమతారాణి నా ముంగటనే అన్నది, 'మొగన్ని ఎండవెట్టినావిడ వచ్చింది, జర జాగ ఇయ్యుండ్రి' అని. నువ్వు చాయ్ హోటల్ కాడ జెప్పిన మాటనే అది. నేనేమని జెప్పుకోవాలె? డాక్టర్ తగ్గించుమన్నడు. ఎంత తగ్గించాల్నో నాకెట్ల తెలుస్తది? ఓ గంటెడు పెడ్తే ఎక్కువైతదేమో, పానం మీదికి వస్తదేమో అని మొత్తానికే బంద్ వెట్టిన. నువ్వు నా కండ్ల ముంగట ఉండాలె అన్నదొక్కటే తెలుసు నాకు. కని నేనే తిన్న నిన్ను. నీ కండంత నేనే తిన్న."

ఆమె ఏడవడం బుచ్చిరాములు చూడలేదని కాదు. రమను అత్తగారింటికి పంపినప్పుడు ఏడ్చింది, తల్లి పోయినప్పుడు ఏడ్చింది. కిడ్నీ జబ్బు బయటపడ్డ నాటి నుంచి మాత్రం ఒక్కనాడూ కన్ను తడి చేసుకోలేదు. ఇప్పుడు పెరట్లో మట్టిలో కూర్చొని, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడుస్తూ ఉంది. బుచ్చిరాములుకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. హోటల్లో కొంగు పట్టినట్టు చేసి చూపించిన తన చేయి మీద తనకే అసహ్యం వేసింది.

ఆయన ఆమె పక్కన కూలబడ్డాడు. "గట్లనకు. డాక్టరమ్మ ఇంకో మాట గూడ అన్నది. నువ్వు బయటికి పోతున్నవ్, ఇనలేదు. కొందరు ఆర్నెల్లకే మిషన్ ఎక్కుతరట. నాలుగేండ్లు ఆగిన్నంటే నీ కాపలా గూడ ఒక కారణమేనట. నేను హోటల్ కాడ గది జెప్పలే. నువ్వే నన్ను ఇన్నేండ్లు నిలవెట్టినవ్."

సమ్మవ్వ కళ్ళు తుడుచుకొని ఆయన ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం నమ్మబోయినట్టే కనిపించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"మళ్ళ డాక్టరమ్మ పేరు మీద అబద్ధం. ఇగ సాలు అయ్యా."

"ఇది నిజమే సమ్మవ్వా!"

"నీ నిజాలు నాకు తెల్వయా."

"రేపు నాతోని రా. ఆమె నోటితోనే చెప్పిస్త."

"చెప్పిస్తవ్. నువ్వు ఎవలితోనైనా చెప్పిస్తవ్."

బుచ్చిరాములుకు అరవాలని ఉంది, తల గోడకేసి కొట్టుకోవాలని ఉంది. ఇన్నేళ్ళలో ఆమెకు ఇవ్వదగ్గ మంచిమాట ఒక్కటే దొరికింది. ఆ ఒక్కటీ తన నోట చెల్లడం లేదు. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా చెల్లదు.

ఇక మాటలతో లాభం లేదని చేతిలో నలిగిన తెల్లసొన ముక్కల వైపు చూశాడు. గోడ మీద కుక్క ఆశగా ముక్కు ఎగరేసింది. ఆయన కళ్ళు మూసుకొని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అదే తుప్పు. రెండు చేతులా మోకాళ్ళు పట్టుకొని, పళ్ళు బిగబట్టి, మింగాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదీ మింగాడు. చేతిలో ఉన్నవన్నీ అయ్యేదాకా ఆగలేదు.

సమ్మవ్వ ఏడుపు ఆపి ఆయన గొంతుముడి కిందికీ పైకీ కదలడమే చూస్తూ ఉంది.

"నోరు తెరువు," అన్నది.

బుచ్చిరాములు నోరు తెరిచాడు. ఆమె గదువ పట్టుకొని వెలుతురు వైపు తిప్పి, నాలుక కింద కూడా చూసింది. తర్వాత లేచి, ఇంకో గుడ్డు ఒలవడానికి లోపలికి పోయింది.